దొరగారిచ్చిన ఇంటిపేరు

అరబ్బు దేశంలో సెలవురోజైన శుక్రవారం చర్చి ఆరాధన ముగించుకుని బౌషర్‌లోని ఇంటికి రాగానే, జ్ఞానాంబ తన ఆడబిడ్డ సెలీనాను వంటగదిలోకి లాక్కెళ్లి కూతురికి వినబడకుండా తలుపు దగ్గరగా వేసింది.

“మెల్లగా, వదినా! అబిగైల్ హాల్లోనే ఉంది.”

“ఉంటే ఉండనీ. కంప్యూటర్లో తల దూర్చింది. ఇంతకీ దేనికి ఈ ఏడుపు?”

“ఇంటిపేరు, వదినా! మీ పుట్టింటి పేరు. ష్రోటర్ అంటే ఏంటి, జర్మనీలో ఏ ఊరు అని నెల నుంచీ ఒకటే గోల. కొందరు ష్రోడర్ అని రాస్తారంట, కొందరు ష్రాడర్ అంట. మన చర్చి పుస్తకంలో శ్రోత్రు అని ఉందంట.”

“చదువుకున్న పిల్ల, సరదాపడింది. పడనీ.”

“ఇప్పుడు ఉమ్మి పంపుతుందంట!”

“ఉమ్మా?”

“గొట్టంలో ఉమ్మి పంపితే మనవాళ్లెవరో, కానివాళ్లెవరో చెప్పేస్తారంట. వాళ్ల ఆఫీసు మేడం రేపు జర్మనీ పోతోంది, ఆవిడ చేతికిస్తుందంట. వదినా, అది నా కడుపున పుట్టలేదని బయటపడితే?”

“నెమ్మది, నెమ్మది.”

“ఆస్పత్రి వరండాలో వదిలేసిపోయిన పసిగుడ్డు. నా చేతుల్తో ఎత్తుకొచ్చి, నా రొమ్ముకే హత్తుకుని—”

“చెప్పేయమని ఎన్నిసార్లన్నాను, జ్ఞానం?”

“చెబితే? కన్నదాన్ని వెతుక్కుంటూ పోతే? అసలే మూడ్రోజుల్నుంచీ నా కుడికన్ను అదురుతోంది. ఆ గొట్టం ఎక్కడ పెట్టిందో చూడు వదినా, ఒలకబోసేస్తా—”

“ఏం ఒలకబోస్తావమ్మా?”

“ఆఁ? పాలు. పాలు విరిగాయి. నువ్వెప్పుడొచ్చావే అబ్బీ?”

“ఇప్పుడే. అత్తా, ష్రోటర్ అంటే ఏంటో తెలిసింది! పీపాలు దొర్లించేవాళ్లంట. సారా పీపాలు.”

“ఛీ ఛీ! లూథరన్ కొంప మనది! మూడు తరాల్లో చుక్క ముట్టినవాడు లేడు!”

“మా నాన్న ముట్టేవాడులే, జ్ఞానం. పాస్టరుగారికి తెలియదంతే.”

“గుడ్డ కత్తిరించేవాళ్లని కూడా అంటున్నారమ్మా. నీక్కావాలంటే అది తీసుకో.”

“నాకేదీ వద్దు. ఆపెయ్ తల్లీ. జర్మనీ మనకెందుకు? మనమేమన్నా తెల్లోళ్లమా?”

“కాదుగా! అదే అసలు సంగతి. ముత్తాత ఇస్రాయేలు కరువులో అమ్మానాన్నలు పోయిన పిల్లాడంట కదా. జర్మనీ నుంచి వచ్చిన పాదిరీ దొర బోర్డింగులో పెట్టుకుని, బాప్తిస్మమిచ్చి, తన పేరే ఇచ్చాడంట. అంతేనా అత్తా?”

“అంతే. అట్లా పేరు తీసుకున్నవాళ్లు మా పేటలో ఇంకా ఉన్నారు.”

“తెలిసిందిగా, ఇంకా ఉమ్మెందుకే?”

“నాన్న ఒప్పుకోరుగా! పిల్లికళ్లు అద్దంలో చూసుకుని, నేను జర్మనువాణ్ణే అని ఒకటే డాబు. తేల్చేద్దామని.”

“ఆ గొట్టం ఇట్లా తే.”

“ఇచ్చేశాను. నిన్న డ్యూటీ అయ్యాక.”

“ఇచ్చేశావా?”

“ఊఁ.”

“నన్నడక్కుండా? దేవా, దేవా... వదినా, ఇచ్చేసిందంట!”

“అమ్మా! ఏమైంది? కూర్చో ముందు. అత్తా, నీళ్లు. బీపీ మాత్ర వేసుకుందా?”

“మాత్ర కాదు. అబ్బీ, నా మాట విను. అందులో ఏమొచ్చినా నమ్మకు. మిషన్లు తప్పులు చెబుతాయి. నేను వార్డులో చూస్తూనే ఉంటాను, ఒకళ్ల శాంపిల్ ఒకళ్లకి పోతుంది. నా పిల్లవి కాదని వచ్చినా, నువ్వు—”

“రాదమ్మా.”

“వస్తుందే! నీకు తెలీదు—”

“నాన్న ఉమ్మి పంపానమ్మా. నాది పంపి ఏం లాభం? ఇస్రాయేలు ముత్తాతకిలాగే నాకూ ఇచ్చిన పేరేగా.”