ఐదు కాళ్ల చీమ

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూన్ పన్నెండున మా చిత్రశాల మరమ్మతు విభాగంలో సహాయకురాలిగా చేరిన నాడు, నేడు మేం వీడ్కోలు పలుకుతున్న వారికి అప్పగించిన పని చట్రాల మీది దుమ్ము దులపడం. ముప్పై ఐదేళ్ల అనంతరం ప్రధాన సంరక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్న వారిని మేమంతా ‘భూతద్దం గారు’ అనే పిలుస్తాం. పెళ్లి ఫొటోలో తన చొక్కాకు గుండీ లేదని పాతికేళ్ల తర్వాత కనిపెట్టారని వారి భర్తగారు ఇప్పటికీ వాపోతుంటారు.

వారి జీవితంలో అధికభాగం అధివాస్తవిక చిత్రాల నడుమ, కలలో తప్ప ఇలలో కానరాని జంతువుల సాంగత్యంలో గడిచింది. “అర్థం తర్వాత చెబుదురుగాని, ముందు దాని కళ్లలోకి చూడండి” అన్నది కొత్తవారికి వారి మొదటి పాఠం. ఏ చిత్రాన్నయినా ముట్టుకునే ముందు మూడు రోజులు దాని ఎదుట ఊరికే కూర్చోవడం వారి నియమం.

ఆ నియమం తప్పింది ఒక్కసారే. చేరిన ఆరో ఏట, ప్రదర్శన తొందరలో, పైకప్పుకు తల ఆనే గుర్రమొకటి భోజనాల బల్ల దగ్గర కూర్చున్న చిత్రాన్ని శుభ్రపరుస్తూ, మూలనున్న చుక్కను ఈగ మరక అనుకుని తడి దూదితో రుద్దారు. తీరా చూస్తే అది చీమ. దాని కాలొకటి దూదికి అంటుకుని వచ్చేసింది.

“గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? ఒక్క గీత గీసెయ్యండి, ఎవరు చూస్తారు?” అన్నారు అప్పటి అధికారి.

“నేను చూశాను కదండీ.”

ఉద్యోగం ఊడవచ్చునని తెలిసే, తప్పును దస్త్రంలో స్వహస్తాలతో రాసి, కీర్తిశేషుడైన చిత్రకారుని కుమార్తెకు కబురు పంపారు. వీరిని ఉంచాలో పంపాలో ఆమె మాటను బట్టే నిర్ణయిస్తామన్నారు పైవారు.

ఆ గుర్రం అధికారానికి సంకేతమని పండితులు గ్రంథాలే రాశారు. తల నెరిసిన ఆ కుమార్తె మాత్రం గుర్రాన్ని కన్నెత్తి చూడక, భూతద్దంతో చీమ దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

“గుర్రం నాన్నేనండి. ఆయనుంటే ఇంట్లో ఇంకెవరికీ చోటుండేది కాదు. నన్ను చీమా అని పిలిచేవాడు. ఇందులో నన్నూ వేశాడని ఇన్నేళ్లూ నాకు తెలీదు.” కళ్లు తుడుచుకుని మళ్లీ అన్నారు: “కాలు అలాగే ఉండనివ్వండి. ఈవిడ్ని మాత్రం పంపకండి.”

అటుపిమ్మట భూతద్దం గారు ఎన్నో చిత్రాలకు ప్రాణం పోశారు, ఎందరికో చూడడం నేర్పారు. కానీ ప్రతి ఉదయం మొదట పలకరించేది ఆ చీమనే.

వారికి సంపూర్ణ ఆరోగ్యం, తరగని కంటివెలుగు, నచ్చిన చిత్రం ఎదుట మూడు రోజులు కాదు, ముప్పై ఏళ్లు ఊరికే కూర్చోగల తీరిక సమకూరాలని మనసారా కోరుకుంటున్నాం. చీమను మేం చూసుకుంటాం.