ట్రయల్ రూములో పిల్లులు

ఈ ఎండలో పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. మిషను చప్పుడు లేని ఈ కొట్టు ముందు కూర్చోవడం మనలో ఎవరికీ తేలిక కాదు. మన టైలరమ్మ ఇక లేరు. మీ అందరికీ ఆవిడ బట్టలు కుట్టారు. పిల్లులకు వైద్యం చేసే నాకు ఏం చేశారో చెప్పాలని లేచాను.

ఒక వానాకాలం, మిషను కింద దూరిన ఎర్రపిల్లిని బుట్టలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. గుండీ అని అప్పటికే పేరు కూడా పెట్టేశారు. రక్తపరీక్షలో దానికి ల్యుకేమియా వైరస్ ఉందని తేలింది. ఎంగిలి ద్వారా పిల్లి నుంచి పిల్లికి అంటుకుంటుంది, ఒంట్లో సత్తువను మెల్లగా తినేస్తుంది, పూర్తిగా నయం చేసే మందు లేదు. అంతా చెప్పాను. ఇంట్లో అప్పటికే రెండు పిల్లులున్న మనిషి ఏమన్నారు? "ముందు ఆ రెండింటికీ పరీక్ష చెయ్యమ్మా. టీకా ఉంటే వెయ్యి. దీనికి వేరే గది నేను చూస్తాలే."

గది ఎక్కడుంది? ఈ ఇరుకు కొట్టులో ఉన్నది ట్రయల్ రూము ఒక్కటే. మర్నాటి నుంచి అది గుండీది. వేరే గిన్నె, వేరే పరుపు. మనమంతా కొట్టు వెనక ఇంట్లో, ఆవిడ పడకగదిలో బట్టలు వేసి చూసుకోవాల్సి వచ్చింది. అలిగినవాళ్లు ఇక్కడే ఉన్నారు. నవ్వకండి, నేనూ అలిగాను.

ఎదురింటి పెద్దావిడ మాత్రం భయపడ్డారు. "మా మనవడు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటాడు, ఆ జబ్బు పిల్లిని పంపించెయ్" అన్నారు. టైలరమ్మ వాదించలేదు. "నా మాటెందుకు వదినా, డాక్టరమ్మనే అడుగుదాం పద" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఈ వైరస్ మనుషులకు రాదని పెద్దావిడ నా నోటనే విన్నారు. ఆ తర్వాత గుండీకి ఉడికించిన చేపముక్కలు మోసింది ఆ వదినగారే.

కొన్నేళ్లకు గుండీ చిగుళ్లు తెల్లబడ్డాయి. తిండి మానేసింది. ఇక బాధ పెట్టొద్దని, నిద్రపుచ్చే సూది వెయ్యమని టైలరమ్మే అడిగారు. ఆవిడ ఒళ్లోనే అది కన్నుమూసింది. మళ్లీ నా గడప తొక్కరనుకున్నాను. వారం తిరక్కుండా ఖాళీ బుట్టతో వచ్చారు. "గది ఊరికే పడి ఉంది. అలాంటిదే ఇంకోటి ఉంటే ఇవ్వు."

అంతకుముందు ఆ పరీక్ష ఫలితం విని పిల్లిని వద్దనేవాళ్లకు దాన్ని ఎక్కడికి పంపమనాలో నాకు తెలిసేది కాదు. ఆ రోజు నుంచి చెప్పడానికి ఒక చిరునామా దొరికింది. అందరూ వద్దన్న పిల్లులు ఎన్ని ఆ ట్రయల్ రూము కిటికీ దగ్గర ఎండ కాచుకున్నాయో! ఆ రుణం నేను తీర్చుకోగలనా?

ఇప్పుడా గదిలో అలాంటి పిల్లులు రెండున్నాయి. వాటి సంగతేమిటని ఎలా అడగాలా అనుకుంటున్నాను. నిన్న ఆవిడ కొడుకే ఫోన్ చేశాడు, పిల్లి పక్కన ఉంటే చాలు తుమ్ములొచ్చే మనిషి. "అన్నంలో మందు కలిపితే ముట్టట్లేదు డాక్టరుగారూ. అమ్మ ఎలా పెట్టేదో మీకు తెలుసా?"

తెలుసు బాబూ. ఇది ముగిశాక ఇద్దరం లోపలికి వెళ్దాం.

ఇప్పుడు అందరం లేచి ఆవిడ కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. కుర్చీలు జరిపేటప్పుడు మాత్రం చప్పుడు కానివ్వకండి. లోపల పిల్లులు నిద్రపోతున్నాయి.