హనుమండ్లు ఎంపీత్రీ కొన్న ముచ్చట

బెల్లంపల్లి బస్టాండ్ ముంగట షరీఫ్ చాయ్ దుకాణం ఉంది. ఆ దుకాణం బల్ల మీద హనుమండ్లు కూసున్నడంటే బస్సు ఎంత లేటైనా ఎవలూ తిట్టుకోరు. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పని చేసి రిటైరైన మనిషి. భూమి లోపట మాట్లాడకుంట దాసుకున్న మాటలన్నీ ఇప్పుడు పైన కూసొని ఖర్చు పెడుతుండని షరీఫ్ నవ్వుతడు.

ఆ రోజు మాత్రం హనుమండ్లు నోరు ఇప్పలే. పక్కన బిడ్డ నవీన ఉండె. ఆమె కరీంనగర్‌ల డిగ్రీ కాలేజీల చదువు చెప్తది. ఏదో కాయితం పని మీద పొద్దుగాల వచ్చి, మళ్ల పగటి బస్సుకు పోతుంది. ఎక్కిద్దామని ఆయన ఎంట వచ్చిండు. బాపు ఈ బల్ల మీద కూసొని ఏమేం చెప్తడో నవీనకు తెల్వదు. తెల్వొద్దనే ఆయన ఇన్నేండ్లు పైలంగ ఉన్నడు.

ఎదురుంగ బ్యాంకుల కొత్తగ చేరిన విద్యాధర్ ఫోన్ల ఏందో చూసుకుంట తల గోక్కుంటుండు.

"ఏమైంది సార్, గంత పరేషాన్?" అన్నడు షరీఫ్.

"చెవుల పెట్టుకునేటియి కొందామని భాయ్. రెండు కంపెనీలు మంచిగనే కనిపిస్తున్నయి. రెండు రోజుల సంది తేల్తలేదు."

షరీఫ్ చాయ్ గిన్నె దించి చప్పట్లు కొట్టిండు. "గది అడగాల్సింది మా హన్మండ్లన్నను! ఎంపీత్రీ కొన్న ముచ్చట చెప్పన్నా సారుకు."

"ఇప్పుడెందుకు భాయ్. బస్సు వస్తది."

"కరీంనగర్‌కెళ్లి వచ్చే బస్సే కదా మళ్ల పోయేది, ఇంకా మంచిర్యాలే దాటలే," అన్నడు ఉపేందర్‌రావు. పత్తి చేన్ల పని లేని రోజు ఆయనకు ఆ దుకాణమే ఇల్లు. "బెట్టు చెయ్యకు హన్మండ్లూ, చెప్పు."

"ఏం ముచ్చట బాపూ?" అన్నది నవీన. "నాకెన్నడు చెప్పలే?"

ఆమె మొఖంల నవ్వు చూసి ఆయనకు కాదనబుద్ధి కాలే. నిజమున్నంత వరకే చెప్పి ఆపుదామనుకున్నడు.

"పెద్దగ ఏం లేదు సార్. పదిహేనేండ్ల కింది మాట. మా ఇంటామె కోమల కిడ్నీలు పాడై కరీంనగర్‌ల ఒక దవాఖాన్ల ఉండె. పక్క మంచాల మూలుగులు ఇనలేకపోతున్న, చెవుల పెట్టుకునే పాటల డబ్బ ఒకటి తేరాదా అన్నది. సరేనని పొద్దుగాల తొమ్మిదింటికి దుకాణం పోయిన. దుకాణపాయన మూడు పెట్టిండు నా ముంగట. ఒకటి జపాన్‌ది, ఒకటి కొరియాది, ఒకటి చైనాది. మూడూ అగ్గిపెట్టె అంతంతే. ఏది మంచిదయ్యా అంటే మూడూ మంచియే అంటడు. గట్లెట్ల? నేను ఇని చెప్త తియ్యి అన్న."

అందాక నిజమే. ఆడ ఆగితే అయిపోయేది. కని విద్యాధర్ ఫోన్ పక్కకు పెట్టి ముందుకు వంగిండు. ఇనే మనిషి గట్ల వంగితే హనుమండ్లు నాలుక ఆయన మాట ఇనదు.

"నా చెవి సంగతి మీకు తెల్వదు సార్. బాయిల పని మొదలువెట్టే ముందు పైకప్పును కట్టెతోటి కొట్టి సప్పుడు ఇంటం. గట్టిగ మోగితే పని, డొల్లగ మోగితే ఉరుకుడు. అందరు కొట్టి ఇంటరు. నేను కొట్టకుంటనే ఇంటుంటి. గా చెవుల జపాన్ దాన్ని పెట్టుకున్న. పాట కమ్మగనే వస్తుంది. కని ఎనుక ఎక్కడ్నో ఒక వయొలిన్ తీగ జర తేడా కొడుతుంది. కంపెనీకి ఫోన్ చెయ్యమన్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆళ్లు పాట కట్టినోళ్లను అడిగితే, నిజమేనట! ఆనాడు తీగ తెగితే ముడేసి వాయించిండట!"

"వారెవ్వా," అన్నడు షరీఫ్, వందోసారి ఇంటున్నా.

"అది పక్కకు పెట్టి కొరియాది పెట్టుకున్న. అది ఇంకా సాఫ్. ఎంత సాఫ్ అంటే, పాడే ఆమెకు ఎడమ దిక్కు దవడ పన్ను గుంజుతున్నట్టు దొరికిపోయింది."

"పాటల పన్ను నొప్పి ఇనిపిస్తదా సార్?" అన్నడు విద్యాధర్.

"ఎందుకు ఇనిపియ్యదు? దవడ గుంజేటోళ్లు 'ళ' అనేటప్పుడు నాలుక జర పక్కకు జరుపుకుంటరు. నొప్పి లేసినప్పుడు పాడి చూడుండ్రి, మీకే తెలుస్తది. ఇగ చైనాది పెట్టుకున్న. దాంట్ల పాటే ఇనలే నేను. డబ్బ లోపట ఎవలో నిట్టూర్పు ఇడిసిండ్రు. దాన్ని బిగించిన పిల్ల సార్! బువ్వ గంట కొట్టక ముందు బిగించినట్టుంది, ఆకలి మీదుంది పాపం."

విద్యాధర్ పకపక నవ్విండు. నవీన గూడ నవ్వింది. చాయ్ గ్లాసు చేతుల పట్టుకొని, తల వంచుకొని, చిన్నగ. హనుమండ్లుకు పానం లేసొచ్చింది. బిడ్డ నవ్వుడు ఆయన చూసి చానా రోజులైంది. ఇగ పగ్గాలు ఇడిసిండు.

"అప్పుడు సౌండ్ చూద్దామని ఫుల్లు పెట్టిన. చెవిలకెళ్లి ఒక తీగ ఊడింది. గంతే! ఆ సప్పుడుకు కరీంనగర్ గుట్టల మీద గ్రానైట్ రాయి కోసినట్టు పలకలు పలకలుగ పగిలింది. క్వారీల ఓనర్లు కార్లేసుకొని ఉరికొచ్చిండ్రు. 'హన్మండ్లూ, రేపు గూడ జర గీ పాటే పెట్టు, మాకు మందు పెట్టి పేల్చే బాధ తప్పుతది' అని."

"నేను గా రోజులల్ల గుట్టల పక్క పొంటి పోయిన," అన్నడు ఉపేందర్‌రావు. "రాయి పగిల్నట్టు ఇనలే."

"మీరు పోయింది మంగళారం రావుసాబ్. ఇది బుధారం. ఇగ గా వార్త మూడు దేశాలు పాకింది. మూడు కంపెనీల పెద్దసార్లు ఇమానాలు కట్టిచ్చుకొని వచ్చిండ్రు. కరీంనగర్‌ల దిగే జాగ ఏడిది? మానేరు డ్యాం కట్ట మీద దించిండ్రు, అంగట్ల ఎడ్లబండ్లు ఇడిసినట్టు, ఒకదాని ఎనుక ఒకటి."

"ఒక్క పూటల జపాన్ నుంచి ఎట్లొచ్చిండ్రు సార్?" అన్నడు విద్యాధర్.

"ఆళ్లకు పొద్దు మనకంటె ముందు పొడుస్తది కదా! ముందుగాలనే బయలెల్లిండ్రు. బస్సులన్నీ బంద్. డ్రైవర్లు ఇంజన్లు ఆపి దుకాణం మెట్ల మీద కూసున్నరు, ఏది గెలుస్తదా అని. మా దాన్నే కొను అని జపానాయన వంగి దండం పెడుతుండు. కొరియాయన ఆయన కంటె కిందికి వంగిండు. చైనాయనకు ఇగ వంగ జాగ లేక బోర్ల పండుకున్నడు. నేనన్న, అయ్యా, మీ మూడిట్ల ఒక్కటి గూడ మా కోమలకు సరిపోదు. జపాన్ గొంతు, కొరియా సాఫుదనం, చైనా గట్టిదనం కలిపి ఒక్కటి చెయ్యుండ్రి అన్న. ముగ్గురు కిందనే చెద్దరేసుకొని కూసొని, నా ముంగటనే ఇప్పి, నా ముంగటనే బిగించిండ్రు. లోకంల అసొంటిది అదొక్కటే. పన్నెండు కొట్టెటాల్లకు దాన్ని పట్టుకొని దవాఖాన్ల ఉన్న."

నవీన నవ్వు ఆడ ఆగింది. ఆయన చూడలే.

"కోమల చెవుల పెట్టిన సార్. మంచం దిగలేని మనిషి లేసి కూసున్నది. పాట నడుస్తాంటే కాళ్లు కింద పెట్టింది. నడుముకు కొంగు చెక్కింది. ఆమెను చూసి వార్డుల ముప్పై మంది లేసిండ్రు, సెలైన్ బాటిళ్లు చేతుల పట్టుకొని, బతుకమ్మ ఆడినట్టు మంచాల సుట్టు తిరిగిండ్రు. డాక్టర్లు కాయితాలు తీసి రాసుకున్నరు. ఇంకా మూడు వారాలు బతికింది సార్, గా పాటలు ఇనుకుంట, నవ్వుకుంట, నా చెయ్యి పట్టుకొని..."

ఆ చివరి మాటకాడ ఎప్పుడూ ఆయన గొంతు బొంగురువోతది. అందరు అది గూడ కథల ఒక ముక్కనే అనుకుంటరు. తన నోటెంట అది వచ్చినంతసేపు హనుమండ్లుకు అదే నిజం. కోమల లేసి నిలవడ్డట్టే, ఆమె చెయ్యి తన చేతుల వెచ్చగ ఉన్నట్టే. గందుకోసమే ఆ ముచ్చట మళ్ల మళ్ల చెప్తడు.

"బాపూ," అన్నది నవీన. "పన్నెండింటికా?"

ఆమె గొంతు లేవలే. అయినా షరీఫ్ స్టవ్ మంట తగ్గించిండు.

"పన్నెండింటికి నేను నీకు మొదటిసారి ఫోన్ చేసిన. అప్పుడు ఇంటర్ సదువుతున్న. వార్డుల నేనొక్కదాన్నే ఉన్న. అవ్వకు ఊపిరి ఆడుతలేదు, డాక్టర్ పెద్దోళ్లను పిలువమన్నడు. మూడింటి దాక పద్నాలుగు సార్లు చేసిన. పోతనే ఉంది ఫోను. ఎందుకెత్తలే?"

విద్యాధర్ మొఖంల నవ్వు ఎటు పోవాల్నో తెల్వక ఆడనే ఉండిపోయింది. ఉపేందర్‌రావు రోడ్డు దిక్కు తిరిగిండు. ఈ ప్రశ్న పదిహేనేండ్ల సంది వస్తదని హనుమండ్లు ఎదురుచూస్తనే ఉన్నడు. దినాల నాడు వస్తదనుకున్నడు, రాలే. నవీన పెండ్లి నాడు వస్తదనుకున్నడు, రాలే. ఇగ రాదనుకున్నడు.

"చెవుల అవి ఉండె బిడ్డా," అన్నడు. "ఇనవడలే."

"గది నాకు తెలుసు. అవ్వ పోయినంక నువ్వు వచ్చినప్పుడు దుకాణపోళ్ల తీగ నీ మెడల్నే ఉండె." ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "అయితేంది బాపూ. అవ్వకు మంచిది కావాలెనని చూసినవ్, మూడిట్ల ఏదో తేలక ఆగినవ్. చుట్టాలు అడిగితే నేను గదే చెప్పిన. ఇప్పటికి గదే చెప్త. కని గిట్ల నవ్వులాటకు చెప్పకు. అంతే."

ఆడ తల ఊపితే సరిపోయేది. బిడ్డ తనకోసం ఇన్నేండ్లు దాసిపెట్టిన మాట అది. తీసుకోని ఊకుంటే అయిపోయేది. కని ఆమె 'మంచిది కావాలెనని' అన్నప్పుడు ఆయన గుండెల ఏదో కూలింది. ఒకసారి కూలుడు మొదలైతే ఆపతరం కాదు.

"తేలింది," అన్నడు.

"ఏంది?"

"గంటల్నే తేలింది బిడ్డా. కొరియాదే మంచిగుండె. పదింటికే తెలిసింది నాకు." ఆయన చేతులు చూసుకుంట మాట్లాడిండు. "దుకాణంల సల్లగుండె. మందుల వాసన లేకుండె. కుర్సీ ఏసిండ్రు, చాయ్ తెప్పిచ్చిండ్రు. బాయి ముచ్చట్లు చెప్తాంటే నవ్విండ్రు. నాలుగు నెలలాయె ఎవలైనా నవ్వక. ఇంకోటి ఇంట, ఇంకోపాట ఇంట అనుకుంట కూసున్న. లేస్తె మళ్ల ఆ వార్డుకు పోవాలె. నాకు పోబుద్ధి కాలే."

ఆయన కోసిన కోతలన్నిట్ల ముప్పై మంది మంచాలు దిగిన కథలున్నయి, గుట్టలు పగిలిన కథలున్నయి. ఇంత చిన్న మాట ఆ బల్ల మీద ఆయన ఎన్నడు చెప్పలే.

"ఏది తెచ్చినవని నేను అడగలే ఆనాడు," అన్నది నవీన.

"ఏదీ తేలే. ఫోన్ చూసుకున్నంక ఉరికిన."

కరీంనగర్ బస్సు బస్టాండ్లకు తిరిగింది. నవీన లేసి బ్యాగు భుజానికి ఏసుకున్నది. ఆయన అందుకోబోతే, "ఉండనీ" అన్నది. నాలుగడుగులేసి ఆగింది.

"అవ్వ నాలుగుసార్లు అడిగింది, వచ్చిండా అని. మంచిదాని కోసం తిరుగుతున్నడు అవ్వా అన్న."

"ఏమన్నది?"

ఎన్నడు అడగని మాట అది. ఇప్పుడు గూడ అడగకపోతే బాగుండు అని, నోట్లకెళ్లి ఎల్లినంక అనిపించింది.

"ఏదైతేంది, దొరికింది పట్టుకొని రమ్మను అన్నది. ఇంకేం అనలే."

ఆమె బస్సెక్కి అవుతలి దిక్కు కిటికీకాడ కూసున్నది. ఎప్పుడైనా పోయేటప్పుడు 'పోయొస్త బాపూ' అంటది. అనలేదని ఆయనకు జర ఆగి తెలిసింది. బస్సు ముంగటికెళ్లి చుట్టు తిరిగి అవుతలి దిక్కు పోయెటాల్లకు డ్రైవర్ గేరు మార్చిండు. కిటికీలు ఒకటెనుక ఒకటి ఆయన ముంగటికెళ్లి పోయినయి. బిడ్డ ఏ కిటికీల ఉన్నదో ఆయనకు దొరకలే.