సంగప్ప, నాలుగు చేతుల రోబో

శివమ్మ కల్హేర్ నుంచి పొద్దున్నే ఆటోలో నారాయణఖేడ్ వచ్చి, బస్టాండు ముందు బస్వరాజ్ చాయ్ హోటల్లో కూర్చుంది. ఆమె కిడ్నీలో గడ్డ. సోమవారం రోబోతో ఆపరేషన్. అదే ఆపరేషన్ చేయించుకున్న మనిషి నోట వినాలని సంగప్పను వెతుక్కుంటూ వచ్చింది.

"నేనైతే జర గూడ భయపడలే శివమ్మక్కా," అన్నాడు సంగప్ప. "హైదరాబాద్ దవాఖానల గా రూమంత మంచులెక్క సల్లగ. నాలుగు ఇనుప చేతులు, ప్లాస్టిక్ తొడుగులేసుకొని మీదికి వంగి ఉన్నయ్. డాక్టరేమో మూలకు డబ్బల తలకాయ వెట్టి కూసున్నడు. ఆడ ఆయన వేలు కదిలిస్తే ఈడ చెయ్యి కదుల్తది. గప్పుడు నేనేం జేసిన్నో ఎర్కేనా? మత్తు సూది వద్దన్న!"

"వద్దన్నవా?" బస్వరాజ్ చాయ్ పోయడం ఆపాడు.

"వద్దన్న! రోబో కడుపుల చెయ్యి వెట్టంగనే గడ్డ ఉరికింది, ఎడమకెల్లి కుడికి, కుడికెల్లి గుండె కాడికి. డాక్టరు పరేషాన్. 'సార్, జర పైకి, ఆఁ, గట్ల' అని నేనే తొవ్వ చెప్పిన. ఇగ రోబోకు చెమటలు వట్టినయ్, గడగడ వణికింది, కరెంటు వోయింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నేనే లేచి, ఒక చేత్తోని రోబోను వట్టుకొని, ఇంకో చేత్తోని గడ్డను గుంజిన. నిమ్మకాయంత అన్నరా, గుమ్మడికాయంత ఎల్లింది! అది జూసి రోబో సోయి దప్పింది. దానికి గ్లూకోసు ఎక్కిచ్చిన్రు!"

హోటల్లో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. శివమ్మ నవ్వలేదు.

"నొప్పి ఎన్ని రోజులుంటది తమ్మీ? కడుపుకు బొక్కలెన్ని వెట్టిన్రు? జర చూపియ్యి."

"ఈడనా? నలుగురున్నరు."

"ప్రాణం మీది మాట. చూపియ్యి."

సంగప్ప కదల్లేదు. బస్వరాజే వచ్చి చొక్కా పైకెత్తాడు. పొట్ట మీద చిన్న గీత కూడా లేదు.

సంగప్ప చొక్కా దించుకున్నాడు.

"ఆపరేషన్ బల్ల దాక పోయిన అక్కా. తెల్లబట్ట కప్పంగనే, మా నాయన సచ్చినప్పుడు కప్పింది యాదికొచ్చింది. దవాఖాన బట్టల మీదనే ఉరికిన. ఇంటోళ్లతోని ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చిన. గడ్డ ఇంకా లోపల్నే ఉంది."

"ఎన్ని రోజులాయె?"

"నెల దాటింది."

శివమ్మకు తిట్టాలనిపించింది. కానీ అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "నాకు భయం లేదనుకున్నవా? వారం సంది ముద్ద దిగుతలేదు. ఐతారం పొద్దుగాల ఆరింటికి హైదరాబాద్ బస్సు. నా పక్క సీటు ఆపుత. రాకుంటే ఇంటికొచ్చి గల్ల వట్టుకొని తీస్కపోత."

సంగప్ప తలెత్తలేదు.

"ముందు నువ్వు బల్ల మీద పండుకుంటవా అక్కా?"