కార్డు ఇంకా రాలేదు

అట్లా తల దించుకుని వెళ్ళిపోతారేంటి విల్నర్ అన్నా? ఆగండాగండి! ఆ ఉత్తరాల సంచి కాసేపు మెట్టుమీద పెట్టండి. మా ఆయన ఇంట్లో లేడు. మీమీద అరవడానికి ఎవరూ లేరు, నిజం!

ముందు ఈ సంసా తినండి. వద్దంటే ఊరుకోను. మా బేకరీలో ఇప్పుడే తీశాను, ఇంకా పొగలొస్తోంది. మాంసం లేదు, గుమ్మడికాయే. శుక్రవారం మీరు మాంసం ముట్టరని నాకు తెలియదా ఏంటి?

అయినా ఏం మనిషండీ మీరు! ఇరవై రోజులపాటు మా ఆయన ఈ గుమ్మంలో నిలబడి “నా కార్డేదీ? నా కార్డేదీ?” అని మీ ప్రాణం తోడేస్తుంటే ఒక్క మాట అనలేదే! “మీ ఆవిడనడుగు నాయనా” అంటే మీ సొమ్మేం పోయింది? ఆ మంగళవారం కవరు నా చేతిలో పెట్టింది మీరేగా? “శుభాకాంక్షలమ్మా, మీ ఆయన గ్రీన్ కార్డు. ఇలాంటివి ఎన్ని పంచానో, పట్టుకుంటేనే తెలుస్తుంది” అన్నారుగా?

నవ్వకండి. మర్నాడు నోదిర్ మీమీదికి దూసుకొస్తుంటే వెనక నిలబడి పెదవులమీద వేలు పెట్టానే, అప్పుడు నా గుండె ఎక్కడుందో నాకే తెలీదు. మీరేమో నావైపు చూశారు, ఆయనవైపు చూశారు, “రాలేదు సార్” అన్నారు. అంతే! అప్పట్నుంచి రోజూ తిట్లు పడుతూనే ఉన్నారు. ఉజ్బెక్‌లో తిట్టాడు కాబట్టి మీకు అర్థం కాలేదనుకుంటున్నారేమో. అర్థం కాకపోవడమే మంచిదైంది లెండి.

అసలు సంగతి మీకు చెప్పుకోవాలి. కూర్చోండి. రెండు నిమిషాలు.

నేను అమెరికా వాళ్ళు తీసే వీసా లాటరీలో వచ్చినదాన్ని అన్నా. పేరు తగిలింది, బ్రూక్లిన్‌లో దిగాను. తర్వాత ఒక వేసవికి మా ఊరు కోకంద్ వెళ్ళి నోదిర్‌ని చేసుకున్నాను. బళ్ళో భూగోళం చెప్పే పంతులు. పెళ్ళయ్యాక కలిసున్నది ఎన్నాళ్ళనుకున్నారు? ఇరవై మూడు రోజులు! తర్వాత నాలుగేళ్ళు ఫోనే కాపురం.

ఫోన్లో మొగుడంటే తెలుసా మీకు? మెడ వరకే ఉంటాడు! నాలుగేళ్ళు నేను చూసింది ఒక తల, ఒక కాలరు. ఎప్పుడైనా ఫోను జారితే మా అత్తగారింటి పైకప్పు. పోట్లాడుకోవడానికి కూడా లేదు. నాకు కోపం వచ్చి గొంతు లేపేసరికి అక్కడ కరెంటు పోయేది. కరెంటు వచ్చేసరికి నా కోపం పోయేది.

వీసా వచ్చినరోజు తాష్కెంట్ రోడ్డుమీద నిలబడి ఫోన్ చేశాడు. “ఇచ్చేశారు ఆయ్దిన్! ఇచ్చేశారు!” అని ఒకటే అరుపు. నేను చేతిలో ఉన్న రొట్టెల పళ్ళెం కింద పడేశాను. మా యజమానురాలు తిట్టబోయి, సంగతి విని, తనే ఏడ్చింది.

ఇక అయిపోయింది అనుకున్నా. ఎక్కడ? మనిషి వచ్చాడు, పాస్‌పోర్టులో ముద్ర పడింది, కార్డు మాత్రం తర్వాత పోస్టులో వస్తుందన్నారు. కార్డు రాగానే ఒహైయో వెళ్ళాలి. అక్కడ మా ఆయన పినతండ్రి కొడుకు కొజిమ్ ఉన్నాడు. పెద్ద లారీలు తోలడం నేర్పే బళ్ళో చోటు మాట్లాడి పెట్టాడు. కార్డు చేతిలో ఉంటేనే రా అన్నాడు. నేర్చుకున్నాక ఇంకేముంది, నెలలో ఇరవై అయిదు రోజులు రోడ్డుమీదే.

డబ్బు కోసమే అనుకునేరు! కాదు. మిసిసిపీ నదిని పదకొండేళ్ళు సుద్దముక్కతో నల్లబల్లమీద గీసిన మనిషి ఆయన. ఆ నదిమీద వంతెన దాటాలని ఆయన కోరిక. “పైనుంచి కిందిదాకా ఎక్కడ ఎంత వెడల్పో చెప్పనా?” అంటాడు. వద్దన్నా చెబుతాడు.

మరి నేనేం చేశానంటే... ఆ మంగళవారం మీరు కవరు ఇచ్చారా, అదే రోజు సాయంత్రం సముద్రం చూడ్డానికి వెళ్దామనుకున్నాం. భూగోళం పంతులు అన్నా, ముప్పై మూడేళ్ళొచ్చాయి, సముద్రం చూడలేదు! మా దేశం చుట్టూ ఎటు చూసినా నేలే. కవరు చూపిస్తే వెంటనే కొజిమ్‌కి ఫోన్ చేస్తాడు, పెట్టె సర్దుతాడు. సముద్రం చూసొచ్చాక చెబుదాంలే అనుకుని, మా అమ్మ పెళ్ళికిచ్చిన టీ కప్పుల పెట్టెలో దాచేశాను.

వెళ్ళాం. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలో నిలబడ్డాడు. లీటరు నీళ్ళలో ఎంత ఉప్పుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. ఒక అల వచ్చి నడుందాకా తడిపింది. అంతే, నోరు మూతపడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “నేను పిల్లలకి తప్పు చెప్పాను ఆయ్దిన్. నీలం రంగు వేయమన్నాను. ఇది నీలం కాదు” అన్నాడు.

అట్లాంటి మనిషికి ఇంటికి రాగానే కవరు ఎట్లా ఇవ్వనన్నా? మీరే చెప్పండి!

రేపు చెబుదాం అనుకున్నా. మర్నాడు ఆయన పొలావ్ వండాడు. క్యారెట్లు ఎంత సన్నగా తరిగాడో! ఆ మర్నాడు కిటికీ తెరవాలా మూయాలా అని ఇద్దరం గంటసేపు పోట్లాడుకున్నాం. ఎంత బాగుందనుకున్నారు! కరెంటు పోలేదు, ఎవరూ మాయమవలేదు. అరిచి అరిచి ఇద్దరం టీ తాగాం. నడిచేటప్పుడు ఎడమకాలు కొంచెం విసురుతాడని అప్పుడే తెలిసింది. పుచ్చకాయ రొట్టెతో నంజుకుంటాడని తెలిసింది. నాలుగేళ్ళ మొగుడి గురించి ఇవన్నీ కొత్తగా తెలుస్తుంటే, కవరు తీయడానికి చెయ్యి ఎట్లా వస్తుంది?

ఇట్లా రోజులు గడిచాయి. ఆయనతోపాటు అదే విమానంలో వచ్చిన ఫెర్గానా ఊరి అతనికి కార్డు వచ్చేసింది. అది తెలిసిందా, ఇంక మా ఆయన్ని పట్టలేం. “పోస్టుమ్యానే పారేశాడు! లేకపోతే దాచుకున్నాడు!” అని గొడవ. ఫిర్యాదు ఇవ్వాల్సిందేనన్నాడు. ఆయనకి ‘నా కార్డేదీ’ అన్న ముక్క తప్ప ఇంగ్లీషు రాదు. మరి రాసేదెవరు? నేనే!

“రాయి ఆయ్దిన్” అని బళ్ళో డిక్టేషన్ చెప్పినట్టు అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాడు. “ఈ మనిషి సోమరి” అన్నాడు. నేను ‘ఈయన వానలో కూడా వేళకొస్తాడు’ అని రాశాను. “మర్యాద లేదు” అన్నాడు. ‘మూడో అంతస్తు ముసలావిడకి మందుల పొట్లం మెట్లెక్కి ఇచ్చొస్తాడు’ అని రాశాను. అబద్ధమా? మీరు ఇస్తారుగా!

“దొంగ అని రాశావా?” అన్నాడు.

“రాశాను.”

“ఏదీ, చూపించు.”

ఆయన అక్షరాలు చదువుతాడు, అర్థం తెలీదు. నిజాయితీపరుడు అన్న మాటమీద వేలు పెట్టి చూపించాను.

“ఇంత పొడుగుందేంటి?” అన్నాడు.

“పెద్ద దొంగ అని రాశాను” అన్నాను.

అయ్యో, మెల్లగా తినండి అన్నా, పొలమారుతుంది! నీళ్ళు తేనా?

కింద సంతకం పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనే స్వయంగా పోస్టాఫీసుకెళ్ళి మీ పైఅధికారి చేతిలో పెట్టొచ్చాడు. వచ్చి నాతో ఏమన్నాడో తెలుసా? “ఈ దేశం గొప్పది ఆయ్దిన్. ఫిర్యాదు ఇస్తే లేచి నిలబడి చెయ్యి కలిపిందావిడ! మన ఊళ్ళో అయితే కూర్చోమని కూడా అనరు.”

నేను స్నానాలగదిలోకి పోయి తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాను.

మరి దొరికిపోయానుగా! మొన్న బుధవారం మీరే తెచ్చిచ్చారు, పోస్టాఫీసు జవాబు. నేను బేకరీలో ఉన్నాను. నోదిర్ దాన్ని కింది వాటాలో ఉండే గుల్చెహ్ర దగ్గరికి తీసుకెళ్ళి చదివించుకున్నాడు. ‘మీ ప్రశంసకు కృతజ్ఞతలు, మీ ఉత్తరాన్ని ఉద్యోగులందరి ముందు చదివి వినిపించాం’ అని ఉందట! ఆవిడ ఉజ్బెక్‌లో చెబుతుంటే ఈయన “తప్పు చదువుతున్నావమ్మా, మళ్ళీ చదువు” అన్నాడట. మూడుసార్లు చదివించాడట.

నేను ఇంటికొచ్చేసరికి బల్లమీద కాగితం, ఎదురుగా ఆయన.

“ఆయ్దిన్, నేనాయన్ని తిట్టానా, పొగిడానా?”

“తిట్టావు. నేనే పొగిడాను.”

“కార్డు వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎప్పుడు?”

“సముద్రం రోజు.”

కుర్చీ ఎక్కి పెట్టె దించి కార్డు చేతిలో పెట్టాను. ముందూ వెనకా తిప్పి చూశాడు. బూట్లు వేసుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక గంట. రెండు గంటలు. కోటు కూడా వేసుకోలేదు! అట్లాగే ఒహైయో పోయాడనుకున్నానన్నా. అన్నం వార్చాను, పారబోశాను, మళ్ళీ వండాను.

తిరిగొచ్చాడు. ముక్కు ఎర్రగా అయిపోయింది. ఎక్కడికెళ్ళావంటే మీకోసమట! మీరు తిరిగే వీధులన్నీ తిరిగాడట, క్షమాపణ చెప్పుకుందామని. గుల్చెహ్ర చేత ఒక మాట ఇంగ్లీషులో నేర్చుకుని, మరిచిపోకుండా దారిపొడుగునా అనుకుంటూ వెళ్ళాడట. మీరప్పటికే ఇంటికెళ్ళిపోయారు. నిన్నేమో మీకు సెలవు. రేపు ఆయన ఎదురొస్తే పారిపోకండేం? పాపం, ఇంకా వల్లెవేస్తూనే ఉన్నాడు.

తర్వాత కూర్చుని “ఎందుకు దాచావు?” అన్నాడు. “నిన్ను ఇంకొన్నాళ్ళు చూసుకుందామని” అన్నాను. తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడే కొజిమ్ ఫోన్ చేశాడు. నోదిర్ నావైపు చూస్తూ, కార్డు చేతిలోనే పట్టుకుని, “కార్డు ఇంకా రాలేదు తమ్ముడూ. ఇంకో పది రోజులు పట్టేట్టుంది. ఇక్కడ పోస్టు...” అని ఆగాడు. నేను గుర్రుగా చూశాను. “పోస్టు చాలా మంచిదే, కార్డే ఆలస్యం” అన్నాడు!

అదీ సంగతి. ఇంకో ఎనిమిది రోజులున్నాయి. వచ్చే శనివారం బస్సు.

అబ్బే, ఏడుపు కాదు. సంసాలో ఉల్లిపాయ ఎక్కువ తరిగాను పొద్దున.

...సరే. మీరు ఇరవై రోజులు నా అబద్ధం మోశారు. మీ దగ్గర దాపరికమేంటి? ఆయనకి సగమే చెప్పానన్నా. చూసుకుందామని దాచాననడం నిజమే. మిగతా సగం ఏంటంటే, నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆయనకంటే అయిదేళ్ళు పెద్ద. ఫోన్లో దీపం కొంచెం పక్కకి పెట్టుకుంటే తెలిసేది కాదు. ఇక్కడ కిటికీలోంచి ఎండ నేరుగా మొహంమీద పడుతుంది. కిటికీ గొడవ కూడా అదే లెండి, గాలి కోసం కాదు.

మా బేకరీలో ఆడవాళ్ళు లెక్కపెట్టి చెబుతారు, ఫలానావిడ మొగుడు కార్డు రాగానే పోయాడు, ఫలానావిడ మొగుడు నెల ఆగి పోయాడు అని. చెప్పి నవ్వుతారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వేదాన్ని. కార్డు లేనన్నాళ్ళు ఆయనకి నేను కావాలి. వచ్చాక? ఆ ఇరవై రోజులు నేను ఆయన్నే చూశాననుకుంటున్నారా? ఆయన నన్నెలా చూస్తున్నాడో చూశాను. భోజనం దగ్గర, సముద్రం దగ్గర, నిద్ర లేచినప్పుడు.

ఏం తేలిందంటారా? ఏమీ తేల్లేదు! బాగానే చూస్తాడు. అందరినీ అట్లాగే చూస్తాడేమో, నదులతో సహా.

తిరిగొస్తావా అని అడగలేదన్నా. అడగను కూడా. ఎందుకు రానంటాడు? వస్తాననే అంటాడు, పంతులుకదా, అడిగిన ప్రతిదానికీ జవాబుంటుంది. ఆ జవాబు పట్టుకుని నేను నెలంతా తూకం వేస్తూ కూర్చోవాలి. దానికన్నా నా రొట్టెలే నయం.

పోతే పోతాడు, వస్తే వస్తాడు. ఇంకోటి తీసుకోండి, దారిలో తినొచ్చు.