డబ్బా మీద పేరు

ఆసుపత్రిలో డైట్ డాక్టరమ్మ గది. సాయంత్రం. ఆమెకు ఎదురుగా వాచీలు బాగుచేసే పెద్దాయన, ఆయన భార్య.

“మే తొమ్మిది, శుక్రవారం. పొద్దున ఉడికించిన గింజలు, తొక్కతో సహా ఆపిల్. మధ్యాహ్నం ఆకుకూర, పప్పు. రాత్రి మళ్లీ గింజలు. నెలంతా మేం చెప్పిన తిండే. ఈ డైరీ ఎవరు రాశారండీ?”

“నేనే, డాక్టరమ్మా. ఆయన అక్షరాలు వాచీ మరలంత ఉంటాయి. భూతద్దం కావాలి.”

“పెద్దాయనా, మీ మలం రిపోర్టు చూసి ల్యాబ్‌వాళ్లు ముచ్చటపడ్డారు. క్యాన్సర్ మందుకు సాయం చేస్తాయనుకునే సూక్ష్మజీవులన్నీ మీ పేగుల్లో కొలువుదీరాయట.”

“విన్నావా? కొలువుదీరాయట! నాది శుభ్రమైన ఒళ్లని ఎప్పట్నుంచి చెప్తున్నాను? చెంచా అయినా స్పిరిట్‌తో తుడవందే నోట్లో పెట్టను.”

“విన్నాన్లెండి.”

“కానీ గడ్డ తగ్గలేదు. పేగులు ఇంత బాగుండి కూడా ఒంట్లో రోగనిరోధక శక్తి లేచి పోరాడట్లేదంటే, దాన్ని లేపే ఈ ఇంజెక్షన్ మీకు పనిచెయ్యదన్నట్టే. రేపట్నుంచి ఆపేద్దామంటున్నారు పెద్ద డాక్టరుగారు.”

“ఆపేస్తే?”

“వేరే మందంటే... పెద్దగా ఏమీ మిగల్లేదండీ.”

“పోన్లెండి. ఇంత మంచి పేగులతో పోతున్నాను, అదో తృప్తి.”

“డాక్టరమ్మా, ఆపొద్దు.”

“నువ్వు ఊరుకోవే.”

“ఊరుకోను. డాక్టరమ్మా, డైరీలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రాసినవన్నీ తిన్నవే. కాకపోతే... తిన్నది నేను.”

“మీరా?”

“ఈయన ఒక్క ముద్ద పెట్టుకుని, గడ్డి అని కంచం తోసేస్తారు. పారెయ్యబుద్ధి కాక నేను తింటాను. ఈయనకి టీ, బిస్కెట్లు. తుమ్మితే చాలు, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్ల.”

“సగం బిళ్లే!”

“మరి పరీక్షకని డబ్బాలో ఇచ్చిన మలం?”

“అప్పటికి నాలుగు రోజులుగా ఈయనకి కడుపు కదిలితేగా! మీరేమో ఎనిమిదికల్లా తెమ్మన్నారు. ఖాళీ డబ్బా తెస్తే వైద్యంలోంచి తీసేస్తారేమోనని...”

“తీసేస్తారేమోనని?”

“డబ్బా మీద పేరు మాత్రం ఆయనదే రాశాను.”

“నా పేరు పెట్టి నీదిచ్చావా? ఇందాకట్నుంచీ నన్ను మెచ్చుకుంటున్నారనుకుంటుంటే...”

“మెచ్చుకున్నది మీ ఇంటిదాన్నేగా.”

“ఉండండి ఇద్దరూ. అమ్మా, మీరెంత పని చేశారో తెలుసా? రేపు మందు ఆగిపోయేది. ముందు ఫోన్ చెయ్యనివ్వండి... సార్, ఆపొద్దు. ఆ రిపోర్టు ఆయనది కాదు... భార్యదట... అవును సార్... నాకూ అదే తట్టింది. సరే సార్.”

“ఏమన్నారండీ?”

“మొదట తిట్టారు. తర్వాత నవ్వారు. ఇంజెక్షన్ ఆపరు. మంచి సూక్ష్మజీవులున్నవాళ్ల మలం శుద్ధి చేసి ఇలాంటి రోగులకి ఇచ్చి చూస్తున్నాం. ఇంకా పరిశోధనే, తగ్గుతుందని మాటివ్వలేం. ఈ పరిశోధనకి సరైన దాత దొరక్క ఆరు వారాలుగా వెతుకుతున్నాం. మీకు పరీక్షలన్నీ చెయ్యాలనుకోండి, కానీ...”

“నాదా?”

“మీదే.”

“ఈయనకా? ఎలా ఇస్తారు?”

“క్యాప్సూల్స్‌లో. మింగాలి.”

“అయ్యో డాక్టరమ్మా! నలభై ఏళ్లలో నేను ఎంగిలి చేసిన గ్లాసుతో గుక్కెడు నీళ్లు తాగలేదీ మనిషి!”

“ఇద్దరూ మాట్లాడుకోండి. ఇవాళ్టికి నా పని అయిపోయింది. తలుపు దగ్గరగా వేసి వెళ్తాను.”



“వెళ్లిందా?”

“వెళ్లింది. చప్పుడు కూడా కానివ్వలేదు పాపం. ఇక తిట్టండి.”

“ఆ బల్ల మీది గ్లాసు ఎవరిది?”

“నాదే. సగం తాగి పెట్టాను. ఉండండి, కడిగి వేరే నీళ్లు తెస్తాను.”

“కడక్కు. ఇలా ఇవ్వు.”