జూరకాన్ అక్క గుమ్మం

తాళాలా? ఇస్తాలేరా, ఎక్కడికి పోతాయి, అదుగో పొయ్యి పక్కన మేకుకి వేలాడుతున్నాయి. ముందు బూట్లు విప్పి కూర్చో అదిలెత్. జీపు అడగడానికొచ్చి గుమ్మంలోంచే పోతావా, మీ తాత నా తోడబుట్టినవాడా కాదా? టీ తాగు. రేపు పొద్దున్నే కావాలన్నావు, నారిన్ దాకా అన్నావు, స్నేహితులు కూడా వస్తారన్నావు. సరే. వెళ్ళేటప్పుడు ఎంతమందో చెప్పావు, వచ్చేటప్పుడు ఎంతమందని నేనడగలేదు. అడిగానా? తాగు మరి. నిన్న మీ అమ్మొచ్చి మా ముసల్దాన్ని తెల్ల తలగుడ్డ అడిగి పట్టుకెళ్ళింది. కట్టనిది, కొత్తది కావాలందట. మీ దొడ్లో పొట్టేలు కూడా నిన్నట్నుంచి విడిగా కట్టేసుంది. ఎందుకో ఏవిటో నాకనవసరం. ఆ తలగుడ్డ మాటకి జూరకాన్ అక్క గుర్తొచ్చింది, అంతే. ఎవరంటావేంట్రా! మీ నాన్నని అడుగు, బళ్ళో ఆవిడ చేత చెవి మెలేయించుకున్నవాడు చెప్తాడు.

మన బడి గుమ్మం దగ్గర బల్లేసుకుని కూర్చునేది. ఫోనొస్తే ఎత్తడం, గంట కొట్టడం, పిల్లల కోట్లు తగిలించడం, ఎవరొచ్చినా ఎవరికోసం వచ్చావని నిలేయడం, అన్నీ ఆవిడే. నేనా బళ్ళోనే బొగ్గు పొయ్యిలు చూసేవాణ్ణి కదా, పొద్దున్న నాకంటే ముందొచ్చేది. జేబు నిండా పొద్దుతిరుగుడు గింజలు. తొక్కు కింద పడేస్తే ఊరుకునేది కాదు, తను మాత్రం ఉమ్మేది! లోపలికొచ్చేవాణ్ణి ఎవణ్ణైనా ఆపేది గానీ, బయటికెళ్ళే పిల్లని ఆపేది కాదు. "ఎవరొచ్చారే నీకోసం? వాడు నీకు తెలుసా? తెలుసంటే వెళ్ళు, తెలీదంటే నా వెనక నిలబడు." అంతే. హెడ్మాస్టరు విసుక్కునేవాడు, "నువ్వు గంట కొట్టమ్మా, విచారణలు మాకొదిలెయ్" అని. ఆయన మాట ఎవడు విన్నాడు.

అక్క కూడా ఎత్తుకొచ్చిన పెళ్ళికూతురేరా. బీట్‌దుంపల చేలోకి పోతుంటే గుర్రం మీదేసుకొచ్చారు, పదిహేడేళ్ళ పిల్లని. ఏడ్చింది, కరిచింది, ఆడవాళ్ళు కట్టిన తెల్ల తలగుడ్డ పీకి పడేసింది, అది తలమీద నిలిచిందంటే పెళ్ళికి ఒప్పుకున్నట్టే కదా. సాయంత్రానికి ఇంట్లో ఆడవాళ్ళు అలిసిపోతే లేచి పరిగెత్తిందట. అప్పుడు మొగుడి నాయనమ్మ, పండు ముసల్ది, వచ్చి గడపకి అడ్డంగా పడుకుంది. "దాటవే, దాటి పో" అంది. పెద్దదాన్ని దాటితే శాపం తగిలి బతుకు బాగుపడదని మన ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు కదా. అక్క కాలెత్తింది, మళ్ళీ దించేసింది. ఆ కాలు దించడం నాకు ఒకటికి పదిసార్లు చెప్పింది, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ. "బతకలేదా అంటే బతికాను, ఆయనా మంచివాడే, పిల్లల్ని కన్నాను, పాతిపెట్టాల్సినవాళ్ళని పాతిపెట్టాను. కానీ ఆ కాలు ఇంకా నాదగ్గరే ఉంది తమ్ముడూ" అనేది. నాకప్పుడు అర్థమయ్యేది కాదు.

సోవియట్ పోయిన కొత్తల్లో, జీతాలు లేవు, పిండికి కూడా వరసలో నిలబడ్డాం, ఆ చలికాలం. అక్క మనవడు ఎర్మెక్ ఉండేవాడు, నీ ఈడువాడు, నీలాగే నేలచూపులు చూస్తూ మాట్లాడేవాడు. ఒకరోజు కోడలు పెట్టె తెరిచి అక్క దాచుకున్న తెల్ల తలగుడ్డ తీసింది. "అత్తయ్యా, ఇవాళ బడికెళ్ళకండి, ఇంట్లో పనుంది" అంది. "ఏం పని?" అని అక్క. కొడుకు నవ్వాడట, "ఏంలేదమ్మా, గుమ్మంలో కాస్త పడుకునే పని" అని. పొట్టేలు కోసేశారు అప్పటికే. అక్క చలికోటు తొడుక్కుని బడికొచ్చేసింది. మొహం చూస్తే సున్నంకొట్టినట్టుంది. పిల్ల ఎవరో తెలుసుకోడానికి అట్టే సేపు పట్టలేదు. పై తరగతి పిల్ల మిర్గుల్, ఎర్మెక్ ఆ పిల్లని బజార్లో చూశాడు, అంతే చూశాడు. హెడ్మాస్టరుకి చెపితే, "అది మీ ఇంటి సంగతి కదమ్మా" అన్నాడు. రాత్రి విందుకి ఆయన్నీ పిలిచారులే.

ఆ రోజు అక్క ఆఖరి గంట కొట్టలేదురా. ఊహించుకో, బడి బడంతా బెంచీల మీద కూర్చుని చెవులు రిక్కించుకునుంది. బయట గేటు దగ్గర కారు ఆగింది, ఇంజను ఆపలేదు. మిర్గుల్ కోటు తగిలించిన చోటే దాన్ని పట్టుకుని నిలబడుంది. అక్క చలికోటు విప్పి గుమ్మంలో పరిచింది, మంచు నీళ్ళలోనే, దానిమీద పడుకుంది, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. నేను బొగ్గు పార పట్టుకుని వెనక నిలబడ్డాను. కొట్టేవాణ్ణో కాదో నాకిప్పటికీ తెలీదు. ముగ్గురొచ్చారు, ముందు ఎర్మెక్ స్నేహితుడు తలాంత్ అని పట్నంవాడు, వాడి వెనక ఎర్మెక్. "లేవండవ్వా, జలుబు చేస్తుంది" అని ఇకిలించాడు. అక్క వాడికేసి చూళ్ళేదు. ఎర్మెక్‌తో అంది, "పడుకోమన్నారుగా నాయనా, పడుకున్నాను. ఇంట్లో పడుకుంటే ఆ పిల్ల దాటలేకపోయేది. ఇక్కడ నువ్వు దాటు. దాటు, నేనేమీ అనను." వాడు మంచులో కొయ్యబారిపోయాడు. అప్పుడు లోపల్నుంచి మిర్గుల్, సన్నని గొంతుతో, "నువ్వెవరో కూడా నాకు తెలీదు. నీ పేరేంటి?" అంది. అబ్బ, ఆ మాట! తలాంత్‌గాడు "ఛీ, ఆడంగివెధవా" అని తనే కాలెత్తాడు. ఎత్తాడ్రా, బూటు అక్క పొట్టమీదికొచ్చింది. ఎర్మెక్ వెనకనుంచి వాడి బెల్టు పట్టుకుని లాగి మంచులో పడేశాడు. ఇద్దరూ రక్తాలొచ్చేలా కొట్టుకున్నారు. అక్క మాత్రం కారు వెళ్ళిపోయేదాకా లేవలేదు. లేచాక గంట కొట్టింది.

బాగుందనుకుంటున్నావా? కోసిన పొట్టేలు అలాగే ఉండిపోయింది, ఊళ్ళో తలెత్తుకోలేమని కొడుకు తలుపేసుకున్నాడు. "ఆ గుమ్మంలోనే పడుకో ఇక" అన్నాడు కన్నతల్లిని. ఆ చలికాలమంతా కోట్ల గదిలో ఉంది అక్క, నేను ఆ పక్క పొయ్యి ఆరనివ్వలేదు. మొండిది, ఒక్కసారీ ఏడవలేదు. కాదు, ఒకసారి ఏడ్చింది, మంచు కరిగాక ఎర్మెక్ బండి కట్టుకొచ్చి "పద నాయనమ్మా" అన్నప్పుడు. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది, వాడి పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని గింజలు ఒలిచిపెట్టింది. వాడి పెళ్ళాం తనంతట తను నడిచొచ్చింది, తెలుసా, చేతిలో సంచీతో. మిర్గుల్ గొప్పదేం అవలేదు, బజార్లో చెప్పులమ్ముతుంది, నోరు పెద్దది. అక్క పోయినప్పుడు సొంత కూతుళ్ళకంటే గట్టిగా ఏడ్చింది. ఇప్పుడు బడి గుమ్మంలో కెమెరా పెట్టారు. కెమెరా పడుకుంటుందా?

ఏరా, టీ తాగలేదే. ఆ నారిన్ పిల్ల పేరేంటి? సరే, చెప్పకు. ఆ పిల్లకి నీ పేరు తెలుసా?

ఊఁ, తెలీదన్నమాట.

నేను ఇవ్వనన్నానా? మేకుకే ఉన్నాయి, తీసుకో. ఆ బొంత ఒకటి ఇటు పడెయ్, ఈ గుమ్మంలో కాస్త నడుం వాలుస్తా. ఈ మోకాళ్ళతో లేవడమే కష్టం గానీ పడుకోడం కష్టం కాదు. ఆఁ, ఇలా. ఇటు తల, అటు కాళ్ళు. ఏం, నిలబడ్డావేం? ఆ పొయ్యిలో ఇంకో కట్టె వెయ్యరా, ఈ తలుపు సందులోంచి చలిగాలి కొడుతోంది.